గండికోట లోయ, మైలవరం జలాశయం: పెద్దలతోనూ పిల్లలతోనూ వెళ్లేవారికి

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాదు నుంచి కారులో బయలుదేరి, డెబ్బై దాటిన అమ్మానాన్నలనూ ఇద్దరు చిన్నపిల్లలనూ వెంటబెట్టుకుని, గండికోట లోయ, మైలవరం జలాశయం ఒక్క రోజులో చూసి రావచ్చా అని మీరు అడిగారు. లోయ అంచున గుడారం వేసుకుని పడుకోవచ్చా, పడవ షికారు దొరుకుతుందా అన్నవి మీ మిగతా ప్రశ్నలు. కడప జిల్లా జమ్మలమడుగు ప్రాంతంలో చాలాకాలంగా ఉంటూ, వచ్చిన చుట్టాలనూ స్నేహితులనూ ఏటా అక్కడికి తీసుకువెళ్తున్న మనిషిగా నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఒక్క రోజులో కుదరదు. హైదరాబాదు నుంచి కర్నూలు, బనగానపల్లె మీదుగా జమ్మలమడుగు చేరి, అక్కడి నుంచి మరో 15 కిలోమీటర్లు కొండ ఎక్కేసరికి దాదాపు 400 కిలోమీటర్ల ప్రయాణం అవుతుంది. తెల్లవారుజామున బయలుదేరినా మధ్యాహ్నానికి గానీ చేరరు. లోయను చూడటానికి అంతకన్నా పనికిరాని వేళ మరొకటి లేదు. ఎండ నడినెత్తి మీద ఉన్నప్పుడు ఎర్రని రాతిగోడలన్నీ ఒకే వన్నెలో వెలవెలబోతాయి, లోతు తెలియదు, కింద ఉన్న నీరు సైతం చదునైన పలకలా కనిపిస్తుంది. మా ఊరి వాళ్లు చూడమనేది పొద్దు పొడిచే వేళ. జనవరి నడుమ అక్కడ సూర్యుడు ఆరూ నలభై ప్రాంతంలో పైకి వస్తాడు. వచ్చినవారిలో ఎక్కువమంది సూర్యబింబం కనబడగానే నాలుగు ఫొటోలు తీసుకుని లేచిపోతారు కానీ, అసలు చూడవలసింది ఆ తరువాతి గంట. వెలుగు మొదట గోడల పైఅంచును తాకి, ఒక్కొక్క రాతి పొరనూ దాటుకుంటూ మెల్లగా లోయలోకి దిగుతుంది. ఆ సమయంలో పగుళ్లు, అరలు, రాతి సందుల్లో పెరిగిన పొదలు అన్నీ విడివిడిగా కనిపిస్తాయి. ఇది చూడాలంటే ముందురోజు రాత్రి అక్కడో, కనీసం జమ్మలమడుగులోనో ఉండి తీరాలి.

లోయ గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది అమెరికాలోని గ్రాండ్ క్యానియన్‌ను మనసులో పెట్టుకుని వచ్చి, ఇంతేనా అనుకుంటూ వెళ్తారు. ఆ పోలిక ప్రచారానికి పనికివస్తుందేమో గానీ చూసేవారికి మేలు చేయదు. గండికోట లోయ కిలోమీటర్ల కొద్దీ వెడల్పుగా పరుచుకున్నది కాదు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నా నది చేసుకున్న ఇరుకైన దారి ఇది, అడుగున వెడల్పు సుమారు 300 అడుగులు. ఆ ఇరుకుతనమే దాని అందం, ఎదుటి గోడ మీద వాలిన పక్షిని కూడా ఇవతలి గట్టు నుంచి చూడవచ్చు. ఇక్కడి రాయి క్వార్ట్‌జైట్. అంటే ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న ఇసుక గట్టిపడి, మరింత బిగిసి, ఉలికి కూడా సులభంగా లొంగని రాయిగా మారింది. కడప హరివాణంలో, అంటే పూర్వం ఇసుక, మట్టి పేరుకున్న పెద్ద పల్లంలో, భాగమైన ఈ రాతిపొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైట్ అన్న పేరే ఖాయం చేశారు. దాని వయసు 150 కోట్ల ఏళ్లకు పైమాటే. మీ పిల్లలు బడికి వెళ్లే వయసువారైతే, పడి ఉన్న పలకరాళ్ల మీద అలల ముద్రలు వెతకమనండి. వాగు ఇసుకలో నీరు తీసిన తరువాత మిగిలే చారల వంటివే అక్కడ రాతిలో నిలిచిపోయి ఉంటాయి, వేలితో తడిమితే గట్లు, గాడులు తెలుస్తాయి. వాళ్లు ఫోను పక్కనపెట్టి అరగంట వెతకడం నేను చూశాను.

ఇప్పుడు నీటి సంగతి. లోయలో మీకు కనిపించే నీరు స్వేచ్ఛగా పారే పెన్న నీరని అనుకోకండి. లోయకు ఎగువన గండికోట ప్రాజెక్టు ఆనకట్ట, దిగువన మైలవరం ఆనకట్ట ఉన్నాయి. లోయ గట్టున ఉన్న కోట కింద నిలిచి కనిపించేది మైలవరం జలాశయపు వెనుక నీరు. ఎగువ జలాశయం గాలేరు–నగరి సుజల స్రవంతి అనే సాగునీటి పథకంలో భాగం, దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, గోరుకల్లు, అవుకు మీదుగా కాలువల్లోనూ సొరంగంలోనూ ప్రయాణించి కృష్ణా నీరు ఇక్కడికి చేరుతుంది. కాబట్టి పెన్న పరీవాహకంలో వాన సరిగా పడని ఏడాది కూడా, శ్రీశైలం నిండితే గండికోట నిండే అవకాశం ఉంటుంది. మైలవరం చిన్నది, సుమారు 10 టీఎంసీలది. పైనుంచి వదిలినప్పుడో, వరద వచ్చినప్పుడో అది నిండుతుంది, సాగుకూ తాగడానికీ వాడుకున్నకొద్దీ తగ్గుతుంది. అందుచేత నిరుడు ఎవరో పెట్టిన ఫొటోలో గోడ నుంచి గోడకు నీలంగా నిండి ఉన్న లోయ, ఈ ఏడు మీరు వెళ్లేసరికి రాళ్లు, ఇసుక, బురద మేటలు బయటపడి నడుమ పాయగా మిగిలి ఉండవచ్చు. బయలుదేరే ముందు దినపత్రికల జిల్లా పేజీలో మైలవరం మట్టం ఎన్ని టీఎంసీల వద్ద ఉందో చూసుకోండి. నా లెక్కలో సెలవుల క్యాలెండరు కన్నా ఆ అంకె ముఖ్యం. వానకారు ముగిశాక, అక్టోబరు నుంచి జనవరి వరకు, నీరూ ఉండి ఎండా తగ్గి ఉండే రోజులు ఎక్కువగా దొరుకుతాయి. మార్చి దాటితే మా ఎండ మీకు తెలియనిది కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ రాతి మీద పెద్దవాళ్లను నడిపించాలనుకోవడం తగని పని.

ఎగువ జలాశయాన్ని చూడటానికి వెళ్తే మరొకటి గుర్తుంచుకోవాలి. ఆ విశాలమైన నీటి కింద కొండాపురం మండలపు ఊళ్లున్నాయి. 2020లో నిల్వ పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు ఇళ్లలోకి నీరు వచ్చి, జనం సామాన్లు మోసుకుని బయటపడ్డారు. చుట్టుపక్కల టీకొట్టులో మీరు మాట్లాడే మనిషి ఆ ఊరివాడే అయ్యుండవచ్చు. కాబట్టి డ్యామ్ ఎంత బాగుందో అని పొంగిపోయే ముందు కాస్త చూసుకుని మాట్లాడితే మంచిది.

అన్నిటికన్నా పెద్ద విషయం లోయ అంచు. కోటలో కార్లు ఆపే చోటు నుంచి మసీదు పక్కగా నడిచి, రంగనాథస్వామి గుడి వైపు వెళ్లి, చివర పెద్ద పెద్ద రాతిగుండ్ల మీదుగా ఎక్కి దిగితే అంచు వస్తుంది. ఆ చివరి భాగంలో దారి అంటూ ఏమీ ఉండదు, చేతులు ఆనించి ఒక గుండు మీద నుంచి మరొక గుండు మీదికి అడుగు వేయాలి. అంచు పొడవునా కంచె ఉంటుందని అనుకోవద్దు. రాయి గట్టిదే గానీ నిలువు పగుళ్లతో దిమ్మెలు దిమ్మెలుగా విడిపోయి ఉంటుంది, కొన్ని దిమ్మెలు కింద ఆధారం లేకుండా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటాయి, పైన నిలబడినవారికి ఆ సంగతి తెలియదు. మంచు పడిన ఉదయమూ, చినుకు రాలిన రోజూ నునుపుతేలిన రాయి జారుతుంది. దానికి తోడు గాలి హఠాత్తుగా విసురుతుంది. ఫొటో కోసం అంచుదాకా వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవారి గురించి మేము ఇక్కడ వింటూనే ఉంటాము. పిల్లల విషయంలో నేను పెట్టే నియమం ఒక్కటే. గుండ్లు మొదలయ్యే చోటు నుంచి ఒక్కొక్క పిల్లవాడి చెయ్యి ఒక్కొక్క పెద్దవారి చేతిలో ఉండాలి, ఆ పెద్దవారి రెండో చేతిలో ఫోను ఉండకూడదు. అంచుకు మనిషి పొడవు దూరంలో కూర్చుంటే చాలు, లోయ అంతా కనిపిస్తుంది. నిలబడి చూడటం కన్నా కూర్చుని చూడటమే నాకు ఎప్పుడూ బాగుంటుంది. చీకటి ఉండగా అక్కడికి వెళ్లకండి. సూర్యోదయం చూడాలంటే తూరుపు తెల్లబడ్డాక, అడుగు కనిపించేటప్పుడు బయలుదేరినా సమయం సరిపోతుంది. ఆ దారిని ముందురోజు సాయంత్రం వెలుగులో ఒకసారి నడిచి ఉంటే మరీ మంచిది. చెప్పుల సంగతి వేరే చెప్పనక్కరలేదు కదా, అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోండి.

నదిలోకి దిగే కాలిదారులు ఉన్నాయి. మీరు మాత్రం దిగవద్దు. ఆ దిగుడు ఏటవాలు కావడం ఒక కారణం. రెండోది, కింద నీటి లోతు ఎక్కడ ఎంతో పైకి తెలియదు, ఎగువ నుంచి నీరు వదిలితే మట్టం మారుతుంది. ఈత వచ్చినవారు కూడా ఇక్కడ ఈదకూడదని నేను గట్టిగానే చెబుతాను.

మీ అమ్మానాన్నలను అంచుదాకా తీసుకువెళ్లకపోయినంత మాత్రాన వారికి చూడటానికి ఏమీ లేదనుకోకండి. లోయ కన్నా కోటే వారికి ఎక్కువ నచ్చవచ్చు. జుమ్మా మసీదు, దాని పక్కనే ఉన్న పెద్ద ధాన్యాగారం, ఎదుట రాయలచెరువు దగ్గర దగ్గరగా ఉన్నాయి, నేల చాలావరకు చదునుగా ఉంటుంది. నాలుగు అంతస్తుల గోపురంతో మాధవరాయస్వామి గుడి కాస్త ఎడంగా ఉంటుంది. గుడిలో నిత్యపూజలు లేవు గానీ, మండపపు స్తంభాల పనితనం దగ్గరగా చూస్తే విజయనగర కాలపు శిల్పుల చెయ్యి ఏమిటో తెలుస్తుంది. ఈ కోటను ఏలిన పెమ్మసాని నాయకులు విజయనగర రాజులకు కుడిభుజంలా నిలిచినవారు. తాడిపత్రిలోని చింతల వెంకటరమణస్వామి, బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆలయాలు కూడా ఆ వంశంవారు కట్టించినవే. 1650 ప్రాంతంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే ముత్యాలు, మణులు చూపించడానికి అతనిని వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చాడు. మీర్ జుమ్లా గుడారంలో చెప్పులు లేకుండా కూర్చుని, కాలివేళ్ల సందులలో కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల సందులలో మరికొన్ని ఇరికించుకుని, ఒక్కొక్కటే తీసి జవాబులు రాయిస్తూ ఉన్నాడని టావెర్నియే తన యాత్రా కథనంలో రాసుకున్నాడు. ధాన్యాగారం నీడలో కూర్చున్నప్పుడు ఈ ముచ్చట మీ పిల్లలకు చెప్పండి, రాజుల వరుస పేర్ల కన్నా ఇదే గుర్తుంటుంది. ఈ కట్టడాలు పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. గోడల మీద పేర్లు చెక్కడం చట్టరీత్యా నేరం, డ్రోను ఎగరవేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇంకొక మాట, కోటగోడల లోపల ఊరుంది, కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఇళ్ల ముంగిళ్లలోకి కెమెరాలు పెట్టేవారిని చూసి వాళ్లు విసిగిపోయి ఉన్నారు.

బసకు కోటకు ముందే, దారి పక్కన పర్యాటక శాఖవారి హరిత హోటలు ఉంది. పండుగ రోజుల్లో గదులు చాలా ముందుగానే నిండిపోతాయి, ఇప్పుడే చూసుకోండి. దొరకకపోతే జమ్మలమడుగులోనో, ఇంకాస్త దూరమైనా ప్రొద్దుటూరులోనో ఉండి తెల్లవారకముందే బయలుదేరవచ్చు. గుడారాల విషయానికి వస్తే, స్థానికులు అద్దెకు ఇచ్చే గుడారాలు దొరుకుతాయి. కుర్రకారుకు అవి సరదాగానే ఉంటాయి. కానీ అంచున గుడారం అన్న మీ ఆలోచన మానుకోండి. రాత్రి లఘుశంకకు లేచిన పిల్లవాడు ఏ వైపు అడుగు వేస్తాడో ఎవరు చెప్పగలరు? గుడారమే కావాలనుకుంటే అంచుకు బాగా ఎడంగా, చదునైన చోట, మరుగుదొడ్డి దగ్గరగా ఉన్నదే తీసుకోండి. డబ్బు ఇచ్చే ముందు ఆ చోటును పగటి వెలుగులో స్వయంగా చూడండి. జనవరి తెల్లవారుజామున చలి గాలితో కలిసి కొడుతుంది, పెద్దవాళ్లకు శాలువాలు, మంకీ క్యాపులు ఉండాలి. వారిని గుడారంలో పడుకోబెట్టడం నాకైతే ఇష్టం లేదు, గదే మేలు.

పడవ షికారు కచ్చితంగా ఉంటుందని హామీ ఇవ్వలేను, ఉండదనీ చెప్పలేను. నీటిమట్టాన్ని బట్టి, గాలిని బట్టి, అనుమతులను బట్టి నడుస్తుంది, ఆగుతుంది. హరిత హోటలుకు ఫోను చేసి ఆ వారం సంగతి అడగడమే సరైన దారి. ఉంటే తప్పక ఎక్కండి, ఎందుకంటే పైనుంచి ఇరుకుగా కనిపించిన గోడల ఎత్తు నీటి మీద నుంచి తలెత్తి చూసినప్పుడే తెలుస్తుంది. అయితే ప్రతి ఒక్కరికీ, పిల్లల కొలతకు సరిపోయేది సహా, లైఫ్ జాకెట్ ఇచ్చి కట్టించని పడవ ఎక్కవద్దు. జాకెట్ పిల్లవాడికి వదులుగా ఉంటే లేనట్టే లెక్క, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే గడ్డం దాటి రాకూడదు. 2019 సెప్టెంబరులో గోదావరి మీద కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తరువాత రాష్ట్రంలో పడవల మీద నియమాలు బిగించారు, జాకెట్ అడిగితే నవ్వే రోజులు పోయాయి. ఎవరైనా నవ్వితే ఆ పడవను వదిలేయండి. మైలవరం ఆనకట్ట దగ్గర సాయంత్రం గట్టు మీద నడక పెద్దలకూ తేలికగా ఉంటుంది, జలాశయం మీద పొద్దు గుంకడం బాగుంటుంది. అంతకు మించి అక్కడ గడపవలసిన సమయం పెద్దగా లేదు.

వచ్చేటప్పుడు గానీ వెళ్లేటప్పుడు గానీ బెలుం గుహలు మీ దారికి దగ్గరే, బనగానపల్లె నుంచి కొలిమిగుండ్ల మీదుగా వస్తే పెద్దగా చుట్టు కాదు. 3,229 మీటర్ల పొడవున్న ఈ గుహల్లో ఒకటిన్నర కిలోమీటరు దాకా సందర్శకులను అనుమతిస్తారు. లోపల ఉక్కపోత ఉంటుంది, మెట్లు ఉన్నాయి, కొన్ని చోట్ల వంగి నడవాలి. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవారు మొదటి విశాలమైన గది చూసి వెనక్కి రావడం మంచిది. గుహలను సాయంత్రానికి మూసివేస్తారు కాబట్టి, మీరు బయలుదేరి వచ్చిన రోజే మధ్యాహ్నం గుహలు చూసి సాయంత్రానికి గండికోట చేరడం నాకు తోచిన వరుస. ఆ సాయంత్రం కోట, మరునాటి ఉదయం లోయ, ఎండ ముదరకముందే మైలవరం, భోజనం చేసి తిరుగు ప్రయాణం. రెండో రాత్రి కూడా ఉండగలిగితే తాడిపత్రి గుళ్లు కలుపుకోవచ్చు, మీ అమ్మగారు సంతోషిస్తారు.

బెంగళూరు వైపు నుంచి మీ బంధువులు కలుస్తారేమో, వారు కదిరి, పులివెందుల, ముద్దనూరు మీదుగా రావచ్చు. రైల్లో వచ్చేవారికి ముద్దనూరు, ఎర్రగుంట్ల స్టేషన్లు దగ్గర. జమ్మలమడుగు నుంచి కొండ మీదికి బస్సులు తక్కువ, ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణానికి కూడా కలిపే బేరం చేసుకోవాలి, సాయంత్రం కొండ మీద వెతికితే దొరకదు.

తిండి విషయంలో కోట లోపల ఎక్కువ ఆశించవద్దు. టీ, బిస్కెట్లు, నీళ్ల సీసాలు, సీజను రోజుల్లో కాసిని టిఫిన్లు ఉంటాయి. హరితలో ముందుగా చెబితే భోజనం చేస్తారు. జమ్మలమడుగులో పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని, మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు దొరికే చోటు అడిగి తెలుసుకోండి. మా కారం పిల్లలు తట్టుకోలేరు, వడ్డించే ముందే చెప్పండి. కోతులు మాత్రం ఉన్నాయి, చేతిలో పాలిథిన్ సంచి కనబడితే అందులో ఏముందో చూడకుండా లాక్కుంటాయి. తినుబండారాలు కారులోనే ఉంచి, నీళ్లు, మందులు మాత్రం వీపు సంచిలో పెట్టుకుని నడవండి. అమ్మానాన్నలు రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు సరిపడా ఎక్కువే తెచ్చుకోండి, కొండ మీద మందుల దుకాణం దొరుకుతుందని నమ్ముకోవద్దు.

పండుగ మూడు రోజులే కుదురుతాయా, లేక జనవరి చివరి వారంలో మామూలు పనిదినాలు రెండు దొరుకుతాయా అన్నది మీరు ఇంకా తేల్చుకోలేదని రాశారు. సంక్రాంతికి అక్కడ కారు ఆపడానికే చోటు ఉండదు, అంచు దగ్గర తోపులాట కూడా ఉంటుంది. పిల్లలకు బడి రెండు రోజులు పోయినా సరే, జనవరి చివరి వారమే ఎంచుకోండి. గండికోట ఉత్సవాల తేదీలు ఆ వారంలో పడలేదని మాత్రం ముందుగా చూసుకుని గది బుక్ చేయండి.